కరెంటు లేదన్న మాట

నా చేతిసంచిలో ఎప్పుడూ నాలుగు వస్తువులు ఉంటాయి. కళ్ళజోడు, బీపీ మాత్రలు, చిన్న నోటుపుస్తకం, ఒక టెస్టరు. మొదటి మూడింటినీ చూసి ఎవరూ ఏమీ అనరు. నాలుగోదాన్ని చూస్తే నవ్వుతారు. డెబ్భై దాటిన ఆడమనిషికి కరెంటు పనివాళ్ళ టెస్టరుతో ఏం పని అని.

పోయిన వారం దానితో పని పడింది. అల్లూరు దగ్గర మా చెల్లెలి రొయ్యల గుంటల మీదికి వెళ్ళాను. చెల్లెలంటే మా చిన్నాయన కూతురు. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. మేమిద్దరం గట్టు మీద నిలబడి మాట్లాడుకుంటూ ఉండగా, నీళ్ళను చిలికే చక్రాల్లో ఒకటి ఆగిపోయింది. మోటార్లు చూసే ఆయన వచ్చాడు. స్తంభం దగ్గర తీగ ఒకటి ఊడి వేలాడుతోంది. దాని మీదికి చెయ్యి చాపాడు. ఆగమన్నాను.

"దీంట్లో కరెంటు లేదులే పెద్దమ్మా. చక్రం తిరగట్లా గదా," అన్నాడు.

సంచిలోంచి టెస్టరు తీసి ఇచ్చాను. పెద్దదాని మాట తీసెయ్యలేక పెట్టి చూశాడు. పిడిలోని చిన్న దీపం నారింజరంగులో మెరిసింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత మెయిన్ ఆపడానికి వెళ్ళాడు.

నీకెట్టా తెలిసిందక్కా అని చెల్లెలు అడిగింది. సైన్సు టీచరుగా చేశాను గదా అన్నాను. అది నిజమే గాని జవాబు కాదు. జవాబు ఇక్కడ రాస్తున్నాను. తేదీలూ పేర్లూ నా నోటుపుస్తకంలో ఉన్నాయి, అవి అక్కడే ఉండనీ.

ఇప్పుడు ఆ గుంటలున్న చోట అప్పుడు మా చేలు ఉండేవి. నాలుగెకరాల డెబ్భై సెంట్లు. మొలగొలుకులు పండేవి. ఆ బియ్యం ఉడుకుతుంటే వీధి మలుపు దాకా వాసన వచ్చేది. ఇప్పటి పిల్లలకు ఆ వాసన చెప్పడానికి నా దగ్గర పోలిక లేదు. మా బావికి సముద్రం రెండు మైళ్ళు. మధ్యాహ్నం దాటాక సరుగుడు తోపుల్లోంచి హోరుమంటూ ఉప్పుగాలి వచ్చేది. ఆ గాలికి తలుపు గొళ్ళేలు ఆరు నెలల్లో తుప్పు పట్టేవి. రాగి చెంబు ఒక్కరాత్రి బయట మరిచిపోతే పచ్చబడేది. అమ్మ దాన్ని చింతపండుతో తోముతూ, ఈ ఊళ్ళో ఇనుము నిలవదు, రాగి నిలవదు, మట్టి ఒకటే నిలుస్తుంది అనేది.

మా ఇంట్లో నీళ్ళ సంగతంతా చిన్నాయనదే. అప్పుడాయనకు ముప్పై ఏళ్ళు. ఏ మడికి ఎన్ని అంగుళాల నీళ్ళున్నాయో గట్టు మీద నడుస్తూ కాలితో తెలుసుకునేవాడు. కాలవలో నాచు పట్టి నీళ్ళు మందగిస్తే, ఎంత దూరంలో పట్టిందో ఇక్కడ నిలబడి చెప్పేవాడు. అంతకుముందు మా బావికి కపిల ఉండేది. రెండెద్దులు ఏటవాలు దారిలో దిగుతూ తోలుబొక్కెనను పైకి లాగేవి. తడిసిన తోలు వాసన, మోకుకు పూసిన ఆముదం వాసన, చెక్క కప్పీ కిర్రుమనే చప్పుడు, ఇవన్నీ కలిస్తేనే నాకు తెల్లవారుజాము. ఆ ఏడాది కపిల తీసేసి మోటారు పెట్టారు. మోటారుకు పెంకుటి కప్పుతో చిన్న షెడ్డు వేశారు. షెడ్డులో ఒక్క బల్బు, అరవై వాట్లది.

ఆ బల్బు వెలుతురు కోసం కాదు. పొలాలకు కరెంటు ఎప్పుడిస్తారో, ఎప్పుడు తీస్తారో తెలిసేది కాదు. అందుకని అందరూ మోటారు షెడ్డులో బల్బు స్విచ్చి వేసే ఉంచేవాళ్ళు. ఇంటి పెరట్లోంచి చూస్తే దీపం కనబడేది. దీపం ఉంటే కరెంటు వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఆ ఊళ్ళో అందరికీ అంతవరకే తెలుసు. అంతకంటే ఎక్కువ తెలిసినదాన్నని నేను అనుకునేదాన్ని.

తొమ్మిదో తరగతి. బడి మూడున్నర మైళ్ళు. ఒక బుధవారం సైన్సు మాస్టారు టార్చి సెల్లు, చిన్న బల్బు, రెండు తీగముక్కలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆయన ఆదివారాలు చర్చిలో పాటలు పాడే మనిషి, పాఠం కూడా గొంతెత్తి చెప్పేవారు. తీగలు కలిపారు, దీపం వచ్చింది. ఒక కొన తీశారు, పోయింది. "వలయం తెగితే ప్రవాహం సున్నా" అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీశారు. నేనూ రాసుకుని రెండు గీతలు గీశాను. తీగ సన్నబడితే, కీలు తుప్పుపడితే నిరోధం పెరుగుతుందని, ప్రవాహం తగ్గుతుందని చెప్పారు. ప్రవాహాన్ని తోసేది ఒకటుంది, దాని సంగతి రేపు చూద్దాం అనేసరికి గంట కొట్టారు.

ఆ రేపు రాలేదు. మాస్టారికి టైఫాయిడ్. పదిహేడు రోజులు.

నేను మాత్రం ఆ సాయంత్రమే ఇంట్లో పెత్తనం మొదలుపెట్టాను. కరెంటు అంటే ప్రవాహం, పారుతుంటేనే కరెంటు. కాబట్టి కరెంటు స్తంభం అనకూడదు, కరెంటు తీగ అనకూడదు. కరెంటు పోయింది అంటే అసలే ఒప్పుకోను. ఎక్కడికి పోయింది, ఎవరితో పోయింది అని నిలదీసేదాన్ని. తప్పు మాట్లాడినవాళ్ళకు తలా ఒక చింతగింజ. నాలుగు కొబ్బరిచిప్పలు వరసగా పెట్టి ఎవరి గింజలు వాళ్ళ చిప్పలో వేసేదాన్ని. ఎక్కువ గింజలు పడినవాళ్ళు ఆదివారం సాయంత్రం నన్ను సైకిలు మీద సముద్రానికి తీసుకుపోవాలి. ఇంట్లో సైకిలు తొక్కేది చిన్నాయన ఒక్కడే. నాలుగు రోజుల్లో ఆయన చిప్పలో నలభై ఒక్క గింజలు పడ్డాయి. సగం కావాలని చేసిన తప్పులు. అన్నం తింటూ ఉన్నట్టుండి "కరెంటు, కరెంటు, కరెంటు" అని మూడు గింజలకు చెయ్యి చాపేవాడు. నన్ను పంతులమ్మా అని పిలవడం ఆ నాలుగు రోజుల్లోనే మొదలైంది.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం చిన్నమ్మతో కలిసి చేనికి అన్నం తీసుకెళ్ళాను. చిన్నమ్మ చంకలో పంతొమ్మిది నెలల చెల్లెలు. మజ్జిగన్నం, వేయించిన ఎండు నెత్తళ్ళు. చిన్నాయన కాలవగట్టు మీద కూచుని తింటూ నా పాఠం మళ్ళీ చెప్పించుకున్నాడు.

"అయితే అమ్మణ్ణీ, తీగలో కరెంటు కాలవలో నీళ్ళ మాదిరి అంటావు," అన్నాడు.

అవునన్నాను.

"కాలవకి గండి పడితే నీళ్ళు బయటబడి చేలు ముంచుతాయి. మరి తీగకి గండి పడితే?"

"ఆగిపోద్ది చిన్నాయనా. ఒక్క చుక్క బయటికి రాదు."

ఆయన చేతిలో ముద్ద అట్లాగే పట్టుకుని ఆలోచించాడు. "అయితే నీళ్ళకంటే ఇదే మంచిదిలే," అన్నాడు. చిన్నమ్మ నవ్వి, ఆ కరెంటునే పెళ్ళి చేసుకోవాల్సింది నువ్వు అంది. తర్వాత ఆయన ఇంకోటి అడిగాడు. తూము మూసేస్తే కాలవలో నీళ్ళు పారవు. అయినా తూము వెనకాల చెరువు నిండుగా నిలబడే ఉంటుంది. పారకుండా నిలబడి ఉండేదాన్ని మీ బడిలో ఏమంటారు అని.

దానికి జవాబు నా నోట్సులో లేదు. అది రేపటి పాఠం, మాస్టారికి జ్వరం అన్నాను.

"అయితే జొరం తగ్గినాక అడిగి చెప్పు," అన్నాడు చిన్నాయన.

నేను ముప్పై మూడేళ్ళు పిల్లలకు ఈ పాఠం చెప్పాను. అంత సూటి ప్రశ్న మరొకరు అడగలేదు. ఆయనకు నాలాగా సగం కాదు, మొత్తం తెలుసు. నీళ్ళల్లో తెలుసు.

ఆదివారం పొద్దుటినుంచీ షెడ్డులో దీపం లేదు. నారుమడి ఎండిపోతోంది. కరెంటు వస్తే వెంటనే మోటారు వేద్దామని చిన్నాయన బావి దగ్గరికి పోయాడు, నేను వెనకే పోయాను. ఆయన పంపులో నీళ్ళు పోసి సిద్ధం చేశాడు. చేతులు తడి, కాళ్ళకింద నేల తడి. పగలే అయినా షెడ్డులో మసకచీకటి. నేను బల్బు తీగ వెంట చూపు పోనిచ్చాను. బల్బు నుంచి వెనక్కి వచ్చే తీగ చెక్కపలక దగ్గర తెగి ఉంది. ఉప్పుగాలికి కీలు పచ్చబడి, పొడిపొడిగా రాలిపోయింది. ఆ కొన గాలిలో వేలాడుతోంది.

నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. పుస్తకంలోది కళ్ళ ముందు కనబడింది.

"దారి తెగింది చిన్నాయనా. అందుకే దీపం రాలా," అన్నాను.

ఆయన దగ్గరికొచ్చి చూశాడు. "అయితే దీంట్లో కరెంటు లేదా?"

"లేదు."

"చూసి చెప్పు పంతులమ్మా. నిజంగా లేదా?"

"సున్నా," అన్నాను.

ఎడమచెయ్యి పంపు ఇనపగొట్టం మీద ఆనించి, ముందుకు వంగి, కుడిచేత్తో ఆ కొన పట్టుకున్నాడు.

బల్బు వెలిగింది. బాగా కాదు, నిప్పుకణిక రంగులో, సన్నగా. నేను చప్పట్లు కొట్టాను. "వెలిగింది చిన్నాయనా," అన్నాను. ఆయన నావైపు తిరగలేదు. షెడ్డు వాకిట్లో క్యారేజీ కింద పడిన చప్పుడైంది. చూస్తే చిన్నమ్మ నిలబడి ఉంది. పక్క చేనాయన పరుగెత్తుకొచ్చి మెయిన్ లాగేదాకా ఆ దీపం అట్లాగే ఉంది. ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు. నా జీవితంలో నేను లెక్కపెట్టని సమయం అదొక్కటే.

తర్వాత ఇంటినిండా జనం. ఆ పదకొండు రోజులూ వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట అన్నారు. కరెంటు లేదనుకొని పట్టుకున్నాడంట, పాపం. లేదని ఎందుకనుకున్నాడో, లేదని ఎవరు చెప్పారో ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నో లేదో నాకు తెలియదు. కొబ్బరిచిప్పలు వరండాలో అట్లాగే ఉండేవి. పెద్దకర్మ ముందురోజు ఇల్లు కడుగుతూ ఎవరో వాటిని తీసేశారు.

పెద్దకర్మ అయ్యాక నాయన నన్ను బడి మాన్పిస్తానన్నాడు. చేలో మగమనిషి తగ్గాడు, ఇంట్లో పని పెరిగింది, తొమ్మిది దాకా చదివింది చాలు అన్నాడు. నాకూ పోకపోతేనే బాగుండుననిపించింది. మూలన కూచుని ఉన్న చిన్నమ్మ తల ఎత్తకుండా అంది:

"అది బడికి పోవాల బావా. ఆ పాఠం అయిపోయిందాకన్నా పోవాల."

ఇరవై నాలుగేళ్ళ మనిషి, పదకొండు రోజుల్లో పెద్దల ఎదట అన్న మొదటి మాట అది. నాయన కాదనలేకపోయాడు. ఏమీ తెలియక నామీద జాలి చూపిస్తోందని నేను అనుకున్నాను. ఆ జాలి నన్ను కాల్చింది.

ఆయన పోయిన పదిహేనో రోజు సోమవారం. నేనూ, మాస్టారూ ఒకేరోజు బడికి తిరిగొచ్చాం. ఆయన చిక్కిపోయి, గోడకు ఆనుకుని పాఠం చెప్పారు. వదిలిపెట్టిన చోటునుంచి ఎత్తుకున్నారు. ప్రవాహాన్ని తోసేదాని పేరు పొటెన్షియల్ భేదం. వోల్టుల్లో కొలుస్తారు. ప్రవాహం లేకపోయినా అది ఉంటుంది. వలయం ఎక్కడ తెగిందో, ఆ రెండు కొనల మధ్య మొత్తం వోల్టేజి కాచుకుని ఉంటుంది. తూము వెనకాల చెరువులాగా అన్నారు మాస్టారు. ఆయనా అదే పోలిక చెప్పారు.

అందరూ వెళ్ళాక ఆయన దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదలు. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి కూచున్నారు.

"తప్పయ్యుంటే దిద్దేవాణ్ణి తల్లీ," అన్నారు. "నువ్వు చెప్పింది రైటే. నేనే సగంలో వదిలేసి పొయ్యినా."

నేను చదువుకున్నాను, ట్రైనింగు అయ్యాను, సైన్సు టీచరునయ్యాను. ఏ బడిలో చేసినా ప్రవాహమూ వోల్టేజీ ఒకేరోజు చెప్పాను. మధ్యలో గంట కొట్టినా పిల్లల్ని వదల్లేదు. హెడ్మాస్టర్లతో మాటలు పడ్డాను. నిరోధాల లెక్కలు ఇచ్చేటప్పుడు పుస్తకంలోవే ఇచ్చేదాన్ని. ఒక్క లెక్క మాత్రం ఎప్పుడూ బోర్డు మీద వెయ్యలేదు. రెండువందల ముప్పై వోల్టులు. అరవై వాట్ల బల్బు నిరోధం సుమారు ఎనిమిదివందల ఎనభై ఓములు. తడిసిన మనిషి నిరోధం సుమారు వెయ్యి. రెండూ ఒకదాని వెనక ఒకటి. దాన్ని నా నోటుపుస్తకంలో చాలాసార్లు చేశాను. ప్రతిసారీ ఒకటే జవాబు వచ్చింది.

ఇది జరిగిన ముప్పై ఒక్క ఏళ్ళకు, ఎండాకాలం సెలవుల్లో, చిన్నమ్మా నేనూ వరండాలో కూచుని చింతపండు ఒలుస్తున్నాం. ఆమె జుట్టు అప్పటికే తెల్లబడింది. చెల్లెలికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు. పైన తిరుగుతున్న ఫ్యాను ఆగిపోయింది.

"కరెంటు పొయ్యిందే," అంది చిన్నమ్మ. అని, ఒలిచిన గుట్టలోంచి ఒక చింతగింజ తీసి నా ముందు పెట్టింది.

నా చేతులు ఆగిపోయాయి. ఆమె తన పని చేసుకుంటూనే ఉంది.

"ఒకటి అడుగుతా చెప్పుమే," అంది. "ఆయన తీగ పట్టుకున్నప్పుడు ఆ దీపం ఎందుకు వెలిగింది? కరెంటు లేదంటివి గదా."

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. నువ్వు విన్నావా చిన్నమ్మా అన్నాను.

"వాకిట్లోకి వచ్చేసరికి 'సున్నా' అంటుండావు. విన్నా. అది తెలుసుకొని చెప్తావనే నిన్ను బడికి పంపమన్నా. చదువుకున్నావు, టీచరువైనావు. ఎన్నిసార్లు వచ్చినా చెప్పకపోతివే."

ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె ఒక జవాబు కోసం కూచుంది. జవాబు నా దగ్గర పదిహేనో రోజునుంచే ఉంది.

చెప్పాను. ఆమెకు ఆంపియర్లు అక్కర్లేదు కాబట్టి నీళ్ళల్లో చెప్పాను. తూము వెనకాల చెరువు నిండుగా ఉంది చిన్నమ్మా. కాలవ మధ్యలో తెగింది కనక పారడంలేదు. నేను పారడంలేదని మాత్రమే చూశాను, చెరువును చూడలేదు. చిన్నాయన ఆ తెగినచోట చెయ్యి పెట్టాడు. ఆయనే కాలవ అయ్యాడు. నీళ్ళు దీపంలోంచి వచ్చి, ఆయనలోంచి పారి, గొట్టం మీదుగా భూమిలోకి పోయాయి. పారాయి కాబట్టి దీపం వచ్చింది.

"అంటే ఆయనే వెలిగించినాడు," అంది.

అవునన్నాను.

కొంచెంసేపు ఒలిచింది. తర్వాత, "ఎంత పారింది?" అని అడిగింది.

ఆ లెక్క నాకు నోటికి వచ్చు. "ఆ బల్బుకు కావాల్సిన దాంట్లో సగం, చిన్నమ్మా. దీపం సరిగ్గా రావడానికి కూడా చాలదు."

"అంతేనా," అంది చిన్నమ్మ.

ఫ్యాను మళ్ళీ తిరగడం మొదలుపెట్టాక, నా ముందున్న గింజను తీసి మిగతా గింజల్లో కలిపేసింది.

ఆమె పోయి ఇప్పటికి పదహారేళ్ళు. ఈ సంగతి ఆమె తన కూతురికి చెప్పలేదు, చెప్పుంటే నాకు తెలిసేది. చెల్లెలికి తెలిసిందల్లా ఊళ్ళోవాళ్ళు చెప్పిందే. కరెంటు లేదనుకొని పట్టుకున్నాడు అని.

టెస్టరు విప్పి చూస్తే లోపల రెండే ఉంటాయి. ఒక చిన్న దీపం, గోరంత నిరోధం. వేలు ఆనించినవాడు కాలవ అవుతాడు. దీపంలోంచి, మనిషిలోంచి, భూమిలోకి. ఆ షెడ్డులో ఉన్న వలయం అదే. తేడా అంతా ఆ గోరంత ముక్కలో ఉంది. పది లక్షల ఓములు. అది అడ్డం ఉంది కాబట్టి మనిషికి చీమ కుట్టినంత కూడా తెలియదు. మొన్న గట్టు మీద ఆ మోటార్లాయన వేలు ఆనించినప్పుడు వచ్చిన రంగు నేను చూశాను. అదే రంగు.

"వెలిగింది పెద్దమ్మా, తీసుకో," అని తర్వాత టెస్టరు తిరిగి ఇచ్చాడు.

మా చెల్లెలు నన్ను ఒక విషయంలో ఎప్పుడూ ఆటపట్టిస్తుంది. సైన్సు టీచరువి, దీపం వెలిగింది అనవేం అక్కా, వచ్చింది వచ్చింది అంటావు, చుట్టం వచ్చినట్టు అని. నిజమే. యాభై ఏడేళ్ళుగా నేను ఆ మాట నోటితో అనలేదు. ఎందుకో దానికి తెలియదు. ఈ కాగితాలు రేపు దాని చేతికిస్తాను.